తవుడుకిచ్చిన పిల్ల

పెదవాల్తేరు, విశాఖపట్నం
18 నవంబరు 2024

అత్తకు నమస్కారాలు.

ఫోన్ చేస్తే నువ్వు "ఏటీ? ఏటీ?" అని అరిచి వీధి వీధినంతా గుమ్మాల్లోకి రప్పిస్తున్నావని మీ పక్కింటావిడ నవ్వుతూ చెప్పింది. వీడియోలో నా పెదాలు చూసి మాట పట్టుకోవడం నీవల్ల కావడం లేదు. అందుకని ఇకనుంచి ఉత్తరాలే. పోస్టాఫీసులో కవరు అడిగితే అక్కడున్న అబ్బాయి నన్ను ఎగాదిగా చూశాడు.

హేమశ్రీ సంగతి అడిగావు. దానికి ఏడు నిండాయి, మాట ఇంకా రాలేదు. ఆనందపురంలో ఇల్లు వదిలి ఇక్కడికి వచ్చిందే దాని చదువు కోసం. వచ్చాక తెలిసింది, ఊరినిండా బడులే గాని దానికి చోటు లేదని. ఒక బడిలో పిల్లను చూడగానే సీట్లు అయిపోయాయి. ఇంకో బడిలో ప్రిన్సిపాల్ మేడం కాఫీ ఇప్పించి మరీ, "మిగతా పేరెంట్స్ ఒప్పుకోరమ్మా" అంది. మీ అల్లుడు పోర్టులో క్రేన్ నడిపే మనిషి, అంత ఎత్తులో కూర్చుని భయపడడు. ఆ గదిలోంచి బయటకొచ్చి బండి తాళం ఎక్కడ పెట్టాడో మరిచిపోయాడు.

చివరికి ఇక్కడి సర్కారు బడిలో ఇలాంటి పిల్లల కోసమే ఉన్న ఒక గది దొరికింది. అనూరాధ అని టీచరు. విజయనగరం మనిషి. మాట కటువు, చెయ్యి మెత్తన. ముందు చెవుల పరీక్ష చేయించమంది. చెవులు బంగారంలా ఉన్నాయట. "ఇనబడతాది మేడం. పేరు పిలిస్తే తనని పిలిచినట్టు తెలీదు, అంతే. ముందు పిలిస్తే తిరగడం నేర్పుదాం. అదొచ్చీసిందంటే మిగతా పిల్లల మజ్జిన కూకోబెట్టీయొచ్చు" అంది. ఇప్పుడు నా ప్రాణమంతా దానిమీదే ఉంది అత్తా. రోజూ ఎన్నిసార్లు "హేమా" అంటానో నాకే తెలీదు. గోడను పిలిచినట్టే ఉంటుంది.

మొన్న శుక్రవారం సందేళ నేను కార్తీక దీపాలకు వత్తులు చేసుకుంటున్నాను. హేమ కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. మా సందు చివర సముద్రం కనబడుతుంది. ఉన్నట్టుండి తల తిప్పి, ఎవరో పిలిస్తే పలికినట్టు, "ఆఁ" అంది.

వత్తులు వదిలేసి లేచాను. పుట్టాక మొదటిసారి పలకడం. పరిగెత్తి కిటికీలోంచి చూశాను. సందులో పిల్లి కూడా లేదు. అప్పటినుంచి రోజూ అదే వేళకు వెళ్ళి నిలబడుతోంది, పలుకుతోంది, నవ్వుతోంది కూడా. ఎవరు పిలుస్తున్నారో నాకు మాత్రం వినబడదు.

ఇంకొకటి. కార్తీకం కదా, ఇంట్లో నీచు లేదు. నిన్న తల దువ్వుతుంటే దాని జుట్టంతా ఎండుచేపల వాసన. తలంటినా పోలేదు. సముద్రం గాలి అంటాడు మీ అల్లుడు.

సంతోషంగా ఉంది, ఒళ్ళూ జలదరిస్తోంది. రెండూ కలిపి నీకు తప్ప ఇంకెవరికి చెప్పుకోను?

నీ మేనకోడలు
జ్యోతిర్మయి


ఎలమంచిలి
24 నవంబరు 2024

జ్యోతికి అత్త ఆశీస్సులు.

చీమల బారులా రాస్తావేమే? చెవులు ఎలాగూ పోయాయి, కళ్ళు కూడా పోగొడతావా? కాస్త పెద్దక్షరాలు రాయి. మా పెరట్లో బొప్పాయిలు బాగా కాశాయి గాని కోతులు నాకు తొక్కలు మిగులుస్తున్నాయి. రాయి విసిరితే నన్ను చూసి పళ్ళికిలిస్తున్నాయి, నా చేతిలో బలం లేదని వాటికీ తెలిసిపోయింది.

ఇక అసలు సంగతి. సందేళ ఎవరో పిలిస్తే, మూడోసారి పిలిచేదాకా పలకకూడదని నీకు నేర్పలేదా? పిల్లకు తెలీదు సరే, నీకేమైంది? ఆనందమట!

నీకు గుర్తు లేదో, గుర్తుచేసుకోవడం ఇష్టం లేదో. హేమకు ముందు నీకు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. మూడోది నిలవాలని నేనే పట్టుబట్టాను. మన వైపు పద్ధతే అది. పిల్లను చేటలో పడుకోబెట్టి, పిల్లల్లేని మనిషికి దోసెడు తవుడుకు అమ్మేస్తారు. అమ్మేశాక పిల్ల మనది కాదు, చావు మనింటికి వచ్చినా వెతుక్కుని ఉత్త చేతులతో పోతుంది. కొన్న మనిషి "నా పిల్లని పెంచిపెట్టండి" అని తల్లి చేతికే తిరిగి ఇస్తుంది. తవుడుకు కొన్నది కాబట్టి పేరు తవిటమ్మ. పిల్ల గట్టిపడి బడికి వెళ్ళే వయసు వచ్చాక, ఆ తవుడు తిరిగి ఇచ్చి విడిపించుకోవాలి.

ఆ చేట పట్టుకుని వీధిలోకి వెళ్ళింది నేను. కొన్నది జాలరిపేట నుంచి ఆనందపురానికి ఎండుచేపల గంప తెచ్చే నూకాలు. తరవాత కరోనా వచ్చింది, నూకాలు రావడం మానేసింది, మీరు హేమశ్రీ అని కాగితాల మీద ఎక్కించుకుని అంతా మరిచిపోయారు. ఎవరైనా విడిపించారా? లేదు. ఎండుచేపల వాసన అని నువ్వు రాసింది చదివి మజ్జిగ గ్లాసు ఒలకబోసుకున్నాను.

ఆ కిటికీ మూసెయ్యి. ఆ బడి కొన్నాళ్ళు మాన్పించి పిల్లను ఇక్కడికి తీసుకురా.

ఇట్లు
మీ అత్త జోగమ్మ


పెదవాల్తేరు
9 డిసెంబరు 2024

అత్తకు,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీతో మనసులో పోట్లాడాను. బడి మాన్పించమని ఎంత తేలిగ్గా రాశావు! ఆ గది దొరకడానికి నేను ఎక్కిన గుమ్మాలు నీకేం తెలుసు? అక్కడ నాలాంటి తల్లులం బయట బల్ల మీద కూర్చుంటాం. ఎవరి పిల్ల గోడకు తల కొట్టుకున్నా ఎవరమూ "అయ్యో, ఏమైంది" అని అడగం. జరిగి చోటిస్తాం. అలాంటి చోటు నాకు ఇంకెక్కడా లేదు.

నూకాలు గుర్తుంది. ఎందుకుండదు? నల్లగా, పొడుగ్గా, ముక్కుకు రెండువైపులా పుడకలు. ఆ అమ్మకం నాకు వేళాకోళంగానే ఉండేది. నేను డిగ్రీ చదువుకున్నదాన్ని, నువ్వు బాధపడతావని ఊరుకున్నాను. వారానికోసారి సందు మొదట్లోనే "తవిటీ!" అని కేకేసేది. గంప దించి పిల్లను ఒళ్ళో వేసుకునేది. నేను కాస్త దూరంగా నిలబడి, పిల్లకు వాసన అంటుకుంటుందని లోపల సణుక్కునేదాన్ని.

కిటికీ మూయమన్నావు కదా, మూశాను. హేమ ఏడవలేదు. మెల్లగా వంటింట్లోకి వెళ్ళి, సముద్రం వైపున్న గోడకు చెవి ఆనించి, "ఆఁ" అంది. కాసేపాగి, ఏదో పెద్ద మాట విన్నట్టు తలూపి, మళ్ళీ "ఆఁ" అంది. గోడకు అవతల ఏమీ లేదత్తా. రెండో అంతస్తు. నేనే వెళ్ళి కిటికీ తెరిచేశాను.

ఇంకొకటి రాయకూడదనుకున్నాను గాని రాస్తున్నాను. అనూరాధ పిల్లల చేతులు అలవాటు పడాలని పళ్ళేల్లో ఇసుక, బియ్యం, శనగలు, తవుడు పోసి పెడుతుంది. హేమ దేన్నీ ముట్టుకోదు. తవుడు పళ్ళెంలో మాత్రం రెండు చేతులూ మణికట్టు దాకా పెట్టి, కళ్ళు మూసుకుని కూర్చుంటుంది. ఇంటికి బయల్దేరితే పిడికిలి విప్పదు.

బొప్పాయిల మీద పాత చీర కప్పి చూడు. కోతులు రావంటున్నారు.

జ్యోతి


ఎలమంచిలి
17 డిసెంబరు 2024

జ్యోతీ,

చీర కప్పాను. చీర కూడా పట్టుకుపోయాయి.

కోపం వద్దు. నేను అంగన్‌వాడీలో ముప్పయ్యేళ్ళు పిల్లల ముక్కులు తుడిచినదాన్ని, బడి విలువ నాకు చెప్పకు. మాన్పించమన్నది భయం కొద్దీ. సరే, మాన్పించకు. కానీ జాలరిపేట మీకు ఎంత దూరం? వెళ్ళి నూకాలును వెతుకు. బతికుంటే గొడవే లేదు. చీర పెట్టి, తవుడు ఆమె ఒళ్ళో పోసి, పిల్లను అడిగి తెచ్చుకో. మంచి మనిషి. బేరాలు పోతున్నా నీ పిల్లను వదిలి లేచేది కాదు. ఇవ్వననదు.

బతికి లేకపోతే మాత్రం నాకు వెంటనే రాయి. నీ అంతట నువ్వు ఏమీ చెయ్యకు.

జోగమ్మ


పెదవాల్తేరు
6 జనవరి 2025

అత్తకు,

నిన్న ఆదివారం జాలరిపేట వెళ్ళాం. మీ అల్లుడు రానన్నాడు. "ఏటే నీకు పిచ్చా? మీ అత్తా కోడళ్ళు కలిసి నా గుంటని దెయ్యం పట్టినదాన్ని సేసీత్తన్నారు" అని కేకలేశాడు. నేనూ హేమా వెళ్ళాం.

పడవలు వచ్చిన వేళ, ఒడ్డు నిండా జనం, బుట్టలు, కేకలు. అంత గోలలో హేమ చెవులు మూసుకుని కూలబడుతుందని భయపడ్డాను. అది నా చెయ్యి వదిలించుకుని, ఎప్పుడూ చూడని ఆ సందుల్లోకి, తెలిసిన ఇంటికి పోతున్నట్టు నడిచింది. మూడు మలుపులు తిరిగి, తాళం వేసిన ఒక ఇంటి గడప మీద కూర్చుంది. తలుపుకు వీపు ఆనించి కాళ్ళు చాపుకుంది. ముఖంలో అంత నెమ్మది నేనెప్పుడూ చూడలేదు.

పక్కింటి ముసలావిడ చేపలు ఆరబెడుతోంది. నూకాలు ఇల్లెక్కడని అడిగాను.

"ఆ గుంట కూకున్నదే నూకాలిల్లు. అదెల్లిపోయి ఏళ్ళయిపోనాది కాదేటి, కరోనాలో. పిల్లల్లేని మడిసి. బస్సులు ఆగిపోనాయి కదా, సందేళయితే ఒడ్డున నిలబడి ఊరేపు తిరిగి 'తవిటీ, తవిటీ' అని పిలిసీది. ఆనందపురంలో నాకు కూతురున్నాదని సెప్పీది. మేం నవ్వీవోళ్ళం. జొరంలో కూడా అదే పిలుపు" అంది. తరవాత హేమను చూసి, నన్ను చూసి, "నువ్వెవులివమ్మా?" అంది.

తల్లినని నోరు రాలేదు. తెలిసినవాళ్ళం అన్నాను.

ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను. ఆవిడ కోసమా? కాదు. నా కోసమే. ఏడేళ్ళు పిలిచాను. నా పిలుపుకు కనురెప్ప కదలదు. బతికిలేని మనిషి పిలిస్తే పలుకుతుంది, నవ్వుతుంది, తలూపుతుంది. నవమాసాలు మోసింది నేను. నాకు నా పిల్ల కావాలత్తా. మొత్తంగా, ఎవరితోనూ పంచుకోకుండా, నాకే కావాలి.

జ్యోతి


ఎలమంచిలి
18 జనవరి 2025
(పోస్టుకార్డు)

జ్యోతీ, నీ మనసు తెలిసింది. ఇక ఆ సంగతి నాకు వదిలెయ్యి. అమ్మినదాన్ని నేనే, అడగాల్సిందీ నేనే. ధైర్యంగా ఉండు. జోగమ్మ.


పెదవాల్తేరు
28 జనవరి 2025

అత్తా,

నీ కార్డు అందింది. వదిలెయ్యి అన్నావు, ఏం చేస్తావో రాయలేదు. ఏమీ చెయ్యకు. ముందు అది చెప్పి తరవాత మిగతాది రాస్తాను. ఏమీ చెయ్యకు.

నేను అనూరాధకు మొత్తం చెప్పేశాను, నవ్వితే నవ్వనీ అని. ఆమె నవ్వలేదు. "మూడేళ్ళ దాకా వారం వారం ఒళ్ళో పెట్టుకుని ఓ మనిషి ఒకే పేరు పిలిస్తే, ఆ పేరే దాని చెవిలో ఉండిపోతాది మేడం. దెయ్యం అనుకుంటే మీ ఇష్టం. ఏ పేరుకి తిరిగితే ఆ పేరే పిలవండి. పేరు మీకా, గుంటకా?" అంది.

ఆ రోజు ఇంటికొచ్చి హేమ వెనక నిలబడ్డాను. "తవిటీ" అన్నాను.

తిరిగింది. అత్తా, తిరిగింది! నా ముఖంలోకి చూసింది. నా కళ్ళు ఏ రంగులో ఉన్నాయో దానికి ఆ రోజే తెలిసి ఉంటుంది. "ఆఁ" అంది, నాకు!

ఇప్పుడు గదిలో అందరూ ఆ పేరే పిలుస్తున్నారు. హేమ నీళ్ళ బొమ్మ ఉన్న అట్టముక్క తీసి చేతికిస్తోంది, దాహమని. సోమవారం నుంచి కాసేపు రెండో తరగతిలో కూర్చోబెట్టి చూస్తామంటున్నారు. సందేళ కిటికీ దగ్గర ఇంకా పలుకుతూనే ఉంది. పలకనీ. నాకు ముందు ఉన్నంత భయం లేదు. పోయినసారి ఏదో రాశాను, నాకే కావాలని. అది కుళ్ళుతో రాసిన మాట. పట్టించుకోకు. నూకాలు ఆ పేరు దాని చెవిలో పెట్టి ఉండకపోతే నాకు పిలవడానికి ఏమీ ఉండేది కాదు.

విడిపించొద్దు అత్తా. నీ కాళ్ళకు దణ్ణం పెడతాను.

జ్యోతి


ఎలమంచిలి
30 జనవరి 2025

నా తల్లీ జ్యోతీ,

పని అయిపోయింది. నిన్న అమావాస్య. పొద్దున్నే రైలెక్కి వచ్చాను. మీ ఇంటికి రాలేదని అనుకోకు. విడిపించి వచ్చిన మనిషి ఎక్కడా గుమ్మం ఎక్కకుండా, వెనక్కి తిరిగి చూడకుండా తన ఇంటికి పోవాలి.

జాలరిపేట ఒడ్డున సందేళ దాకా కూర్చున్నాను. సూర్యుడు వెనక మేడల్లోకి దిగాక చేటలో తవుడు పట్టుకుని నీళ్ళలోకి మోకాళ్ళ దాకా వెళ్ళాను. "నూకాలూ, నీ తవుడు నీకిచ్చీసినాను. మా గుంటని మాకిచ్చీ" అన్నాను. తవుడు వదిలాను. ఒక అల వచ్చి తీసుకుపోయింది. తేలలేదు, చెదరలేదు, ఎవరో కొంగులో వేసుకున్నట్టు పోయింది. ఇక హేమ నీదే, మొత్తంగా నీదే.

కానీ జ్యోతీ, నాకు చెవులు వినబడవని నీకు తెలుసు. ఉరుము వినబడదు. నిన్న రైలు కూత వినబడలేదు, జనం లేచి నిలబడితే నేనూ లేచాను. అలాంటిది నీళ్ళలోంచి ఒడ్డుకు వస్తుంటే నా వెనక ఒక ఆడమనిషి ఏడవడం వినబడింది. పెద్దగా కాదు. నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చినట్టు. నేను తిరిగి చూడలేదు. ఆటోలో వినబడింది. రైల్లో వినబడింది. ఇప్పుడు ఇది రాస్తుంటే కూడా వినబడుతోంది.

పిల్ల ఎలా ఉందో వెంటనే రాయి.

జోగమ్మ


పెదవాల్తేరు
20 ఫిబ్రవరి 2025

అత్తకు,

ఇన్నాళ్ళు రాయలేదు. ముందు రాసిన రెండు ఉత్తరాలు చింపేశాను. వాటిలో నిన్ను నానా మాటలూ అన్నాను. నా ఉత్తరం నీకు అందేసరికి నువ్వు వెళ్ళొచ్చేశావు. నీ తప్పేముంది, నేను అడిగిందే నువ్వు చేశావు.

ఆ బుధవారం సందేళ హేమ ఎప్పట్లాగే కిటికీ దగ్గర నిలబడింది. ఎదురుచూసింది. చీకటి పడింది. ఊచలకు తల ఆనించి, మెల్లగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. నా అరచెయ్యి అడ్డం పెట్టాను. మర్నాటి నుంచి ఏ పేరుకూ తిరగలేదు. "తవిటీ" అన్నాను. "హేమా" అన్నాను. రోజంతా అన్నాను. తవుడు పళ్ళెం విసిరికొట్టింది. నీళ్ళ అట్టముక్క అంటే ఏమిటో మరిచిపోయింది. జుట్టులో వాసన కూడా పోయింది, కొబ్బరినూనె వాసన తప్ప ఏమీ లేదు. రెండో తరగతి మాట అందరూ వదిలేశారు. అనూరాధ మాత్రం, "ఒక్కోసారి ఎనక్కి పోతారు మేడం. మళ్ళీ మొదలెడదాం. నాను ఎక్కడికీ పోను" అంది. ఆ మాటకు ఆమె చేతులు పట్టుకుని ఏడ్చాను.

పిల్ల మొత్తంగా నాదయింది. నా పక్కనే పడుకుంటుంది, నేను పెడితే తింటుంది. లోపల మాత్రం ఎవరూ లేరు.

చివరికి నోరు తెరిచింది మీ అల్లుడు. దెయ్యాలూ లేవు, నీ మొహమూ లేదు అని అరిచే మనిషి, మొన్న డ్యూటీ నుంచి వచ్చి బూట్లు కూడా విప్పకుండా దాన్నే చూస్తూ కూర్చున్నాడు. "జ్యోతీ, ఎల్లి మళ్ళీ ఇచ్చీసి రా" అన్నాడు.

వెళ్ళాం, ముగ్గురం. సందేళ. హేమను నీళ్ళ అంచున కూర్చోబెట్టి, ఖాళీ చేట దాని ఒళ్ళో పెట్టాను. మీ అల్లుడు దూరంగా, ముఖం తిప్పుకుని నిలబడ్డాడు. ఏమనాలో ఎవరూ నాకు చెప్పలేదు. "నూకాలూ, మా అత్త తెలీక అడిగినాది. నాను కుళ్ళుతో అడిగించినాను. నీ కూతుర్ని నీకిచ్చీసినాను, మళ్ళీ అడగను. నా కాడ ఉంచితే పెంచుకుంటాను" అన్నాను. నా గొంతులో మన ఊరి యాస అంత గట్టిగా వచ్చి ఎన్నాళ్ళయిందో.

అల వచ్చింది. చేటలో తడి ఇసుక మిగిలింది. ఆవిడ ఇవ్వాల్సిన తవుడు లేదు. నేను చాలాసేపు వెతుక్కున్నాను, ఇసుకలో చేతులు పెట్టి, పిచ్చిదానిలా. ఏమీ లేదు. ఇక పోదాం లే అని దాని భుజం మీద చెయ్యి వేశాను.

అప్పుడు తల ఎత్తింది. వింటోంది. "ఆఁ" అంది. ఆ తరవాత, అత్తా, స్పష్టంగా, బడిపిల్ల పాఠం చదివినట్టు, "అమ్మా" అంది.

సముద్రం వైపు చూస్తూ అంది.

నేను దాని వెనకే ఉన్నాను. నా చెయ్యి దాని భుజం మీదే ఉంది. ఏడేళ్ళుగా ఆ మాట కోసం ఎదురుచూసినదాన్ని, నోటిదాకా వచ్చిన పలుకు మింగేశాను. అది నన్ను కాదు. మధ్యలో నేను పలికితే మళ్ళీ ఎక్కడ ఆగిపోతుందోనని భయం వేసింది. దాని మాట అది పూర్తిగా అననిచ్చాను. ఇంకోసారి అంది. మీ అల్లుడు పరిగెత్తుకొచ్చి, "నిన్ను పిలిసినాది, పలకవేటే!" అన్నాడు. అతని ముఖంలో వెలుగు చూసి, అదే అనుకోనిచ్చి, చేటలో ఇసుక దులిపాను.

అనూరాధకు మాట వచ్చిందని చెప్పాను, ఎవరి కోసం వచ్చిందో చెప్పలేదు. మళ్ళీ తవిటీ అంటే తిరుగుతోంది. వచ్చే వారం నుంచి రెండో తరగతిలో కూర్చుంటుంది. బాధ లేదని రాస్తే అబద్ధం. రోజూ సందేళ అది కిటికీ దగ్గర "అమ్మా" అంటుంది, నేను వంటింట్లో నిలబడి వింటాను. రోజుకోసారి ఆ మాట మా ఇంట్లో వినబడుతోంది. నాకు అది చాలు. చాలనుకోవడం నేర్చుకుంటున్నాను.

నీ చెవిలో ఆ ఏడుపు ఆగిందో లేదో రాయి. ఆగి ఉంటే, మళ్ళీ ఏమీ వినబడకపోతే, బాధపడకు. ఎప్పటికీ, ఎవరు చెప్పినా, ఆఖరికి నేనే ఏడుస్తూ అడిగినా, దాన్ని విడిపించడానికి మాత్రం వెళ్ళకు.

నూకాలు కూతుర్ని పెంచుతున్న
జ్యోతి